అనుమతించదగ్గ తేడా

కాసిమేడు చేపల రేవు పక్కన
త్రాసులు బాగుచేసే కొట్టు నాది.
ఇరవై కిలోల గుండు పెడితే
ఇరవై కిలోలే చూపించాలి.
పది గ్రాములు అటో ఇటో అయితే పర్లేదు,
అంతకు దాటితే ముద్రకి పంపను.
పదకొండేళ్లుగా నా నోట రెండే మాటలు:
ఇది సరి, ఇది కాదు.
మధ్యలో మూడో మాట ఒకటుంటుందని
మొన్న మంగళవారం దాకా తెలీదు.

"బార్డర్‌లైన్ సార్, భయపడాదీంగ,
ఇంకోసారి రక్తం తీయాలి"
అంది ఫోన్లో ల్యాబ్ అమ్మాయి.
ఆ భయపడాదీంగతోనే భయం మొదలైంది.
ఎంత ఉండాలి? చెప్పింది.
ఎంత ఉంది? అదీ చెప్పింది.
చేపల త్రాసైతే
ఆపాటి తేడాకి తల ఊపి పంపేసేవాణ్ణి.

పుట్టిన మూడో రోజు మడమ మీద గుచ్చి
అట్ట మీది ఐదు సున్నాలు నింపారు.
నాలుగు నిండాయి, ఐదోది సగమే.
ఆ సగం వల్లే అలా వచ్చిందేమోనని
రాత్రంతా దాని చుట్టూనే తిరిగాను.

మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది:
బంగారుతల్లి, ఏడవనే ఏడవదు,
పాలు తాగిందా, మళ్లీ నిద్రే.
మంగళవారం నుంచి ఆ మాట మానేసింది.
ఇప్పుడు పిల్ల నిద్రపోతే
ముగ్గురం మేలుకుంటాం.
అరికాలు గిల్లి లేపుతుంది హైమవతి.
లేచి ఏడిస్తే
ఏడిపించానని తను ఏడుస్తుంది.
ఒంటి మీది పసుపు ఒంటిదా, బల్బుదా?
గొంతు బొంగురా,
లేక దాని గొంతే అంతా?
నిన్నటిదాకా ముచ్చటపడ్డవన్నీ
డాక్టరు అడిగే ప్రశ్నలైపోయాయి.

బుధవారం వాన. కొట్టు తెరవలేదు.
కొత్త త్రాసొకటి తుడిచి ఇంటికి తెచ్చాను.
అందరూ కునుకు తీశాక
తువాలు మడిచి పరిచి
పిల్లని దాని మీద పడుకోబెట్టాను.
మూడు నూట నలభై. మూడు నూట ఎనభై.
మూడు నూట పది.
కాళ్లాడిస్తోంది, అంకె నిలవడం లేదు.
నిలవని అంకెని
నేనెప్పుడూ నమ్మిన మనిషిని కాను.
ఆ రాత్రి మాత్రం
ఎక్కడ నిలిచిపోతుందోనని చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం ఎగ్మూరులో రెండో మడమ.
నర్సు పాత చీటీ చూసి
"బేబీ ఆఫ్" దాకా రాసింది.
రిపోర్టు వచ్చాకే పేరు అని
ఇంట్లో అనుకున్న మాట.
హైమవతి ఆ పెన్ను మీద చెయ్యి పెట్టింది.
"పేరుంది. వకుళ అని రాయండి."
నాకూ అప్పుడే తెలిసింది.
"వగుళావా?" అంది నర్సు.
ఆమె అరవ నాలుక మీద
ఒక్క అక్షరం అటో ఇటో.
పర్లేదు, అన్నాను.

గుచ్చారు. హాలంతా తిరిగి చూసేలా అరిచింది.
ఈసారి ఐదు సున్నాలూ
అంచుదాకా నిండేవరకు కళ్లు తిప్పలేదు.

రిపోర్టు సోమవారం రండి, అన్నారు.
సోమవారం రండి.
ఎంత తేలిగ్గా అనేవాణ్ణి నేనూ,
త్రాసు వదిలిపోయే చేపలమ్మలతో.
ఆ మధ్య రోజుల్లో
వాళ్లు దేంతో తూచుకునేవాళ్లో
ఒక్కరినీ అడగలేదు.