పక్క స్వరం

కచేరీల్లో శాలువాలు కప్పించుకున్న మనిషి
రాజోలులో, కొబ్బరి వొలుపు షెడ్డు వెనక గదిలో
మాకు తప్పులు వాయించేది.

మావే.
నూకరత్నం గాంధారం జారితే
"ఆగు" అనదు పేరిందేవి టీచరు.
ఫిడేలు చీలమండ మీదికి సర్దుకుని
అదే జారుడు, అంతే బెదురు,
కమాను చివరి గీరతో సహా వాయించి
"ఎక్కడికి బయల్దేరావే, ఇక్కడ దిగావు?" అనేది.

జవాబు నోటితో చెప్పకూడదు.

వేళ్లకి పీచుధూళి ఉండగా రోజనం ఎందుకండీ
అని మరిడియ్య జోకు. దానికీ నవ్వలేదు.
శ్రావణంలో తేమకి తీగలు దిగిపోయేవి,
బిరడాలు ఉబ్బి మొరాయించేవి.
సుద్ద రాసి తిప్పుకుంటూ
"ఈ గాలిలోనే కదా వాయించాలి" అంది ఓ రోజు.
ఆ రోజుకి పాఠం అదే.

నేను జాగ్రత్త రకం.
మూడేళ్లు తప్పు రానివ్వలేదు.
మూడేళ్లూ ఆవిడ నాకోసం ఫిడేలు ఎత్తలేదు.

ఓ సాయంత్రం కరెంటు పోయింది, శ్రుతిపెట్టె ఆగింది.
గట్టు అవతల, వశిష్ఠలో పంటు ఇంజను మోత ఒకటే.
అదే ఆధార షడ్జమనుకుని ఆనుకోబోయి
రిషభం దగ్గర ఒరిగిపోయాను.

చీకట్లో బిరడా కిర్రుమంది.
ఇంజను దగ్గరికి దించుకున్నట్టుంది.
తర్వాత నా రిషభం,
నేను సిగ్గుపడ్డ చోట
ఒక్క మాత్ర ఎక్కువసేపు నిలిపి.

ఇప్పటికీ కచేరీకి ముందు
అది ఒకసారి వాయించుకుంటాను.
శ్రుతి చేసుకుంటున్నాననుకుంటారు.