రెండు గురుతులు

సోమవారం సీసం డబ్బాలో దిగింది మందు.
సిరంజికి బరువైన తొడుగు తొడిగి
తెడ్డు పరసమ్మ ఎడమచేతి నరం వెతికాను.
ఎండుచేపలు తిరగేసీ తిరగేసీ
ఉప్పు తిన్న చెయ్యి,
నరం ఓ పట్టాన దొరకలేదు.

"మొన్న పంచదార సూదన్నారు.
మరిదేటమ్మా?"

పంచదార అందరిళ్ళకీ పోతుంది, అన్నాను.
మెదడుకి, గుండెకి, మానుతున్న పుండుకి,
పాత దగ్గు దాచుకున్న ఊపిరితిత్తికి.
వెలిగిందల్లా దొంగ కాదు.
ఇది మాత్రం, నాలుగేళ్ళ కిందట కోసి తీసిన గడ్డకి
ఒంటి మీద ఏ గురుతుండేదో
ఆ గురుతునే పట్టుకుంటుంది.

"అంతే గదా.
సందువకేసే వల కవ్వళ్ళకెయ్యం.
వల కన్ను వేరు."

పదహారు స్లైడ్లలో నేను చెప్పలేకపోయిన పాఠం.

యాంటీబాడీకి తొందర లేదు.
నెత్తుటి వీధులన్నీ తిరిగి
కూర్చోవలసిన చోట కూర్చోడానికి
నాలుగైదు రోజులు పడుతుంది.
అందుకే దాని నడుముకి ఓపికున్న దీపం కట్టారు:
జిర్కోనియం.
మూడు రోజులు దాటాక గానీ సగమవదు.
భీమిలి ఇసుకలో నల్లచారల్లో దొరికేదీ ఆ పేరుదే,
కానీ ఇది ఇసుకలోది కాదు,
యంత్రంలో పుట్టి విమానమెక్కి వచ్చింది,
పుట్టిన క్షణం నుంచీ తరుగుతూనే.

గురువారం వాయుగుండమన్నారు.
పోర్టులో మూడో నంబరు ఎగరేశారు.
పెదజాలారిపేటలో పడవలన్నీ ఒడ్డుకెక్కి పడుకున్నాయి.
మనవణ్ణి ఒళ్ళో ఎక్కించుకోవద్దని నేనన్న మాటకి
గుమ్మంలో విడిగా పీటేసుక్కూర్చుందట,
వాడు దూరం నుంచి గవ్వలు విసురుతుంటే
ఏరి ఏరి తిరిగి విసురుతూ.

శనివారం బల్ల మీద పడుకోబెట్టి
కదలొద్దని చెప్పడానికి కొంచెం కథ చెప్పాను.
నీ లోపల్నుంచి కిరణాలు జంటలుగా వస్తాయి,
ఒకటి ఇటు, ఒకటి సరిగ్గా అటు.
రెండూ ఒకే క్షణాన ఈ చక్రానికి తగిలితే ఒక గీత.
అలాంటి గీతలు లక్షలు
ఒకదాన్నొకటి కోసుకున్న చోట...

"మా ఇంటాయన లెక్కే అది.
యారాడ కొండ ముక్కు ఎనకాల
మీసంలాగ ఇంకో కొండ తొంగిసూసేదాకా
తెప్ప తోసీవోడు.
ఇటేపు సింహాసలం కొండ
కైలాసగిరి అంచుకి ఆనాల.
రెండు గురుతులూ కలిసినకాడ
కింద బండుంటాది.
కంటికగుపడదు. ఉంటాది."

తర్వాత కదల్లేదు.
నలభై నిమిషాలు.

కాలేయం వెలిగింది. వెలగాలి,
మందు ఒళ్ళు దాటిపోయే రేవు అది.
మేమంతా అనుమానించిన ఊపిరితిత్తి మచ్చ
చీకటిగానే ఉంది.
ఎవరమూ చూడని ఎడమ తుంటి ఎముకలో
బఠానీ గింజంత,
ఒంటరిగా.

చెప్పాల్సింది నేను కాదు.
సోమవారం డాక్టరు గారు చెబుతారన్నాను.

"సెప్పకపోతే మానె. నీ మొకం సెప్పీసింది."
చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ అంది:
"అగుపడితే మంచిదే.
అగుపడని బండకే గదా
పడవలు తగిల్తాయి."

సంచిలోంచి పేపరు పొట్లం తీసి
నా బల్ల మీద పెట్టింది. ఎండు నెత్తళ్ళు.
ఆమె వెళ్ళాక, అలవాటు చావక,
కౌంటరు మూతి పొట్లానికి ఆనించాను.
టిక్.
కాసేపాగి
టిక్.

ఈ ఒడ్డున ఏ ఇసుక మీద పెట్టినా పలికేదానికి
ఎక్కువేం కాదు.
సాయంత్రం ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికెళ్ళాను.