గొంతు మీద పసుపు

ఎండిపోయిన బోరింగు మూత విప్పనీకి
పత్తికొండ నుంచి హుసేనప్ప వచ్చినాడు,
భుజాన రెంచీ, చెవి సందున పెన్సిలు.

హ్యాండిలు ఊడిన సందులోంచి
బుర్రుమని ఎగిరి
కరెంటు తీగ మీద కూచోని తిడతాంది.

ఊరపిచ్చుక కాదు, కొండపిచ్చుక.
గొంతు మీద వెలిసిన పసుపుచుక్క,
పెండ్లికూతురికి నలుగు పెడతా పెడతా
ఎవరిదో వేలు తగిలినట్ల.

లోపల గడ్డిపరకలు, మేకబొచ్చు,
రైకపోగు ఒకటి. ఎర్రది.
మూడు మరకల గుడ్లు.

"నూటెనబై అడుగులు పోయినా ఏం లేదంటిరే!"
వేలు పెట్టి చూసినాడు.
వెచ్చగా ఉండాది.

మూత వేసి బోల్టులు బిగించినాడు.
సందు మాత్రం ముయ్యలే.

రిజిస్టరులో 'స్థితి' అన్న గడి కాడ
పెన్సిలు నాకి, తీగ దిక్కు చూసి,
రాసినాడు:
పని చేస్తాంది.