కార్గో షాపు పైన

షార్జా రోలాలో, కార్గో షాపు పైగదిలో
మా పత్రిక పుట్టింది.
కాగితం లేదు, సిరా లేదు.
రెండు లాప్‌టాప్‌లు, ఒక ఇస్త్రీ బల్ల,
ఏసీ నీళ్లు పట్టే పెరుగు బకెట్టు.
కింద పొద్దంతా అట్టపెట్టెలు తూచేవాళ్లు:
పాలపొడి డబ్బాలు, నొప్పుల మందు, కంబళ్లు.
ఆ కాటా ఎప్పుడూ సున్నా నుంచి మొదలవదు,
రెండువందల గ్రాములు ముందే మోస్తుంటుంది.

మొదటి వార్త నేనే రాశాను.
గంగనర్సు, కోరుట్ల దిక్కు మనిషి,
జబల్ అలీలో పరంజీ మీంచి పడి
పదిహేడు రోజులుగా మార్చురీలో ఉన్నాడు.
అయిదు వాక్యాలు. విశేషణాలు లేవు.
తెల్లారేసరికి నలభైవేలమంది చదివారు.
క్యాంపుల్లో పైమంచం వాడు
చదువురాని కిందిమంచం వాడికి వినిపించాడు.

అప్పుడొచ్చాడు సంజీవన్న,
అత్తరు ముందు, తను వెనక.
పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనరు.
కిరాయి నాదన్నాడు, జీతాలు నావన్నాడు.
"వార్త మంచిగుంది తమ్మీ,
దోషి ఏడి?" అన్నాడు.

దోషిని చేర్చాం.
మొదట ఆఖరి పేరాలో,
తరవాత మొదటి పేరాలో,
తరవాత శీర్షికలో.
ఎర్రటి అక్షరాల్లో "నిప్పుకణిక" అని పేరు పెట్టాం.
విమానం ఆలస్యమైతే వాళ్లే,
ఉల్లిగడ్డ పిరమైతే వాళ్లే,
కువైట్‌లో దుమ్ము లేచినా వాళ్ల కుట్రే.
మనవాళ్లు తవ్విన గుంత మాత్రం చెరువు.
ఎవడూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.
బాగా రాసేవాణ్ని కూడా.
పన్నెండేళ్లు ఒకే గిన్నెలో వండుకున్న
పోశెట్టి, హనీఫ్
వేరే పొయ్యిలు పెట్టుకున్నారని తెలిసిన రోజే
చదువరుల లెక్క రెండు లక్షలు దాటింది.
కేకు కోశాం.

ఫలితాలొచ్చాయి. మనవాళ్లు ఓడారు.
మూడు రోజులు సంజీవన్న ఫోను మోగి మోగి ఆగింది.
నాలుగో రోజు వచ్చాడు, అత్తరు మార్చి.
"ఇగ మనం ఎవరి దిక్కూ కాదు."
జనం దిక్కా అన్నా, అన్నాను.
"నడుమ" అన్నాడు.
కొత్త పేరు కోసం గోడలు చూశాడు, ఫ్యాను చూశాడు.
కింద కాటా మీద పెట్టె దించిన చప్పుడు.
"సమతూకం!" అన్నాడు.

ఎరుపు పోయి నీలం వచ్చింది.
త్రాసు బొమ్మ అజ్మాన్ కుర్రాడొకడు
నూటయాభై దిర్హమ్‌లకు గీశాడు.
పాతవి తుడవడం నా డ్యూటీ.
రాత్రి పదకొండు నుంచి ఫజర్ బాంగు దాకా
ఆరేళ్లు తుడిచాను.
ఒక్కొక్కటీ అడిగేది: నిజంగానే తీసేయాలా?
రాసేటప్పుడు ఒక్కసారీ
ఆ ప్రశ్న రాలేదు.

రంజాన్ నెలలో ఫోనొచ్చింది.
"సారూ, నేను గంగనర్సు పెండ్లాన్ని, లస్మవ్వను.
కంపెనీ కాయితంల గుండెపోటని ఉన్నది.
పరంజీ మీకెల్లి పడ్డడని రాసింది మీరొక్కరేనట.
తెరిస్తే ఏదో తక్కెడ బొమ్మొస్తుంది సారూ."

ఏసీ బకెట్టు నిండి పొర్లుతోంది. లేవలేదు.
ఎర్ర శీర్షికలన్నీ నోటికొచ్చాయి,
ప్రాసలతో సహా.
ఆ అయిదు వాక్యాల్లో మూడే గుర్తొచ్చాయి.
కార్గో చీటీ వెనక రాశాను, చేత్తో.
సంతకం కింద పత్రిక పేరు రాయబోయి
పెన్ను ఆపాను. నా పేరొక్కటే రాశాను,
ఇంటిపేరుతో, ఊరి పేరుతో.

కిందికి తీసుకెళ్లి ఇచ్చాను, కోరుట్లకి అని.
కుర్రాడు తలెత్తకుండా, అలవాటుగా
కాయితాన్ని కాటా మీద పెట్టి
"రెండువందల గ్రాములు" అన్నాడు.