నూలుపోగు

బోడసకుర్రు రేవులో బోటు ఇంజన్లు విప్పే
మల్లాడి ధనకోటి
మూడేళ్ళు పట్టి ఒక విమానం కట్టాడు.
అల్యూమినియం గొట్టాలు, తెరచాప గుడ్డ,
తుక్కులో కొన్న కారు ఇంజను.
రెక్కలు మడిస్తే వలల కొట్టంలో పట్టేది.

నేను ఆయన చేతికింద మనిషిని.
ఐటీఐ డీజిల్ మెకానిక్,
ఆ బ్యాచిలో ఒక్కదాన్నే ఆడపిల్లని.
నాకు అప్పజెప్పిన పని పెట్రోలు వడకట్టడం.
"బోటు ఇంజను దగ్గితే లంగరేసి తిట్టుకుంటాం.
పైన దగ్గితే లంగరెక్కడ వేస్తావే?"
అనేవాడు, క్యాను నా ముందు పెట్టి.

ఇది నీళ్ళ దేశం.
మూతపెట్టిన ఉప్పు కూడా చెమర్చే చోటు.
సగం ఖాళీగా వదిలిన ట్యాంకుకి
తెల్లారేసరికి లోపల చెమట.
ఇప్పటి పెట్రోల్లో సారా కలుస్తోందట,
తాగుడు అలవాటున్నది కదా
గాలిలో తడిని కూడా వదలదు.
గాజు గిన్నెలో కాసేపు తేరనిస్తే
అడుగున నీటిబొట్టు,
తప్పు చేసి దాక్కున్న పిల్లాడిలా
కదలకుండా.

మా అమ్మమ్మ వరద రోజుల్లో
ఎర్రనీటి కుండలో చిల్లగింజ అరగదీసేది.
పొద్దుటికి ఒండ్రు అడుక్కి,
నీరు అద్దంలా పైకి.
ఆ చెయ్యే నాకొచ్చిందనుకున్నాను.
ఆమె నీలం అంచు చీర సగానికి చించి
నాలుగు మడతలు వేసి గరాటుకి కట్టాను.
వడకట్టిందే మళ్ళీ వడకట్టాను.
ధనకోటి గిన్నె ఎండకెత్తి
"లేత కొబ్బరినీళ్ళే" అన్నాడు.
ట్యాంకు మూతికున్న జాలీ తుప్పుపట్టిందని తీసేసి
కొత్తది కొనలేదు.
"నువ్వున్నావుగా."
ఆ మాటకి రెండు రాత్రులు నిద్రపట్టలేదు, సంతోషంతో.

ఫాల్గుణంలో లంక పక్కన ఇసుక గట్టిపడింది.
వైనతేయ అని ఈ పాయకి
గరుత్మంతుడి పేరు పెట్టినవాళ్ళు
ఆ పొద్దు చూడాల్సింది.
లేచింది.
కొబ్బరి మొవ్వులు దాటింది.
నాటు పడవల్లోవాళ్ళు తెడ్లెత్తి అరిచారు.
అప్పుడు ఇంజను
మింగుడుపడనట్టు ఒక గుటక వేసింది.
ఇంకొకటి.
ఆ తర్వాత వినపడింది గాలి ఒక్కటే.

పుచ్చపాదుల్లో దించాడు.
చక్రం ఒకటి ఊడింది, ఆయన పెదవి చిట్లింది,
కాయలు పదకొండు పగిలాయి
(లెక్క రైతు చెప్పాడు, డబ్బు నేనిచ్చాను).
గోనెసంచి పరిచి అక్కడే కార్బురేటరు విప్పాడు.
జెట్టు ఊదాడు. సూదితో తోడాడు.
గోటిమీదకి వచ్చింది ఒక నూలుపోగు.
అర అంగుళం లేదు.
నీలం.

నీరు కాదు, తుప్పు కాదు, ఇసుక కాదు.
ఏది రాకూడదని కాపలా పెట్టామో
అవేవీ రాలేదు.
కాపలా నుంచే రాలింది.

ధనకోటి నా వంక చూడలేదు.
గోరు లుంగీకి తుడుచుకుని
"పుచ్చకాయ తిను, పగిలినవి ఎలాగూ మనవే" అన్నాడు.
తిన్నాను. గొంతు దిగలేదు.

ఇప్పుడు ట్యాంకు మూతికి స్టీలు జాలీ,
పంపుకి ముందు ఇంకొకటి,
అడుగున నీరు దిగే గిన్నె.
క్యాను మాత్రం ఇప్పటికీ నా ముందే పెడతాడు.
పెట్రోలు కంటే ముందు
గరాటుని ఎండకెత్తి చూస్తాను.

చీర రెండో సగం ట్రంకుపెట్టెలో ఉంది.
మొన్న దులిపాను.
ఎండపొడలో ఇంకా రాలుతూనే ఉంది.