తలుపు తీస్తే మేలుకుంటుంది

మొదట చూసింది నేనే.
తెల్లారుజామున మేత లారీ వచ్చే వేళ
షెడ్డులో కారు
ఎడం ముందు కాలు మడిచి ఉంది,
పడుకోబోయి మనసు మార్చుకున్న గేదెలా.

స్టార్ట్ చేస్తే
లోపలెక్కడో చిన్న రొద, ఒక్క నిమిషం.
లేచి నిలబడింది,
రాత్రి ఏమీ జరగనట్టు.

"కోటి రూపాయల బండిరా, వంగుతుందా?" అన్నారు రాజుగారు.
ఆకివీడు రోడ్డు గతుకుల మీద
గ్లాసులో నీళ్ళు తొణక్కుండా తీసుకెళ్ళే బండి.
దాని కాళ్ళలో స్ప్రింగుల్లేవు, గాలి ఉంది.
నాలుగు రబ్బరు సంచుల గాలి.

బెజవాడ షోరూములో లాప్‌టాప్ తగిలించారు.
కంప్రెసర్ పోయిందంది అది.
మూడు లక్షల ఎనభై వేలు, పన్ను కాకుండా.
ఆ వారమే నలభై కౌంటు రొయ్య
కిలోకి ముప్పై పడిపోయింది.
రాజుగారు ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకున్నారు.

బాజీని పిలిచిందీ నేనే.
ఉండి సెంటర్లో ఒకప్పుడు లారీల ఎయిర్ బ్రేకులు చేసేవాడు,
ఇప్పుడెక్కువ చెరువుల ఏరేటర్లే.
బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బోనెట్టు తియ్యలేదు.
"కంప్రెసర్ దొంగ కాదు గురూ, కూలీ.
ఎక్కడో గాలి పోతుంటే
పోయిందల్లా నింపి నింపి రొప్పుతోంది.
కొత్తది పెట్టినా ఆర్నెల్లకి ఇదే రొప్పు."

చాక్‌పీసు, దర్జీ టేపు నా చేతిలో పెట్టాడు.
"రాత్రంతా కొలు.
చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా.
తలుపు మాత్రం తియ్యకు.
తలుపు తీస్తే మేలుకుంటుంది,
మేలుకుంటే సర్దుకుంటుంది,
సర్దుకున్నాక ఇంక మనకేం చెప్పదు."

పదింటికి నలభై రెండున్నర.
పన్నెండింటికి నలభై రెండు.
చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిలుకుతూనే ఉన్నాయి,
దోమలు నన్ను కొలుస్తూనే ఉన్నాయి.
రెండింటికి నలభై.
మేడ మీద గదిలో లైటు.
రాజుగారు బనీనుతో, లెక్కల పుస్తకం ముందు,
గడ్డం గుండెల మీదకి జారిపోయి.
నాలుగింటికి ముప్పై ఏడు.
లైటు అలాగే ఉంది.
మిగతా మూడు చక్రాలూ వెంట్రుకవాసి కదల్లేదు.

ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కాతో దిగి
"ఎలా ఉందిరా మనవాడికి?" అన్నారు, నవ్వుతూ.

బాజీ చెంబుతో కుంకుడు రసం తెచ్చాడు.
వాళ్ళావిడ తలంటుకని నానేసుకున్నది.
సబ్బు నురగ తొందరగా చస్తుందట, ఇది నిలబడుతుందట.
గొట్టాలకి రాశాడు, జాయింట్లకి రాశాడు.
ఏం లేదు.
అప్పుడు బండిని దింపాడు
నా నాలుగింటి చాక్ గీత దాకా, సరిగ్గా అక్కడిదాకా.
సంచి మడతలో
రొయ్యపిల్ల కన్నంత బుడగ.
దాని వెనక ఇంకోటి.

"ఎత్తులో ఉంటే ఈ పగులు దాదాపు మూసుకుపోతోంది.
దిగేకొద్దీ నోరు తెరుస్తోంది."
వేలితో గీకితే తెల్లటి పొర రాలింది.
"మీ చెరువు గట్ల ఉప్పే రాజుగారూ."

రాజుగారు గొంతుక్కూచున్నారు, ఇస్త్రీ మడత చూసుకోకుండా.
చాలాసేపు ఆ బుడగనే చూశారు.
"చెరువుల్లో బుడగలు పుట్టించడానికి నెలనెలా లక్షలు కడుతున్నాను.
ఈ ఒక్కటి ఆపడానిక్కూడా కట్టాలా?"
ఎవరం నవ్వాలో తెలీక
ముగ్గురం నవ్వాం.

సంచి హైదరాబాదు నుంచి వచ్చింది, ముప్పై రెండు వేలు.
బాజీ కూలి రెండు వేలు.
కుంకుడుకాయలకి తీసుకోలేదు.

ఆ రాత్రీ టేపు పట్టుకుని కూచున్నాను,
ఎవరూ చెప్పకుండానే.
పదింటికి నలభై రెండున్నర. నాలుగింటికీ అంతే.
మేడ మీద లైటు మాత్రం ఆరలేదు.
మెట్ల దాకా వెళ్ళాను.
తలుపు తట్టలేదు.