పుక్కిలింత

రియేకా రేవు మీద బురా గాలి
రాత్రంతా రేకుల్ని తన్నుతోంది.
ఇక్కడ మూడో అంతస్తులో
ఇంక్యుబేటర్ లోపల నలభై గాజుసీసాలు
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
నోళ్లలా నటిస్తున్నాయి.

ఎవరిదీ కాని ఉమ్మిని నేనే కలిపాను.
కాస్త ఉప్పు, కాస్త యూరియా,
లెక్కకి సరిపడా కాల్షియం.
మాటలు తప్ప అన్నీ ఉన్నాయందులో.

సీసాకొక తీగముక్క.
నికెలూ టైటానియమూ కాపురం చేసే తీగ.
ఎంత వంచినా సరే
వెచ్చగా తగిలితే చాలు, తన వంపు తనకి గుర్తొస్తుంది.
ఆ గుర్తే పన్నుని లాక్కొస్తుంది వరసలోకి,
నెలల తరబడి, నిద్రలో కూడా.

సగం సీసాల్లో మౌత్‌వాష్ పోశాను.
పుదీనా వాసన, ఈతకొలను నీలం.
పన్నుకి కాపలా వెళ్లమని పంపిన ఫ్లోరైడు
తీగ కప్పుకున్న పల్చటి పొరని కొరుకుతోంది.
కంచె తన చేనుని మేయలేదు,
పక్కవాళ్ల చేను మేసింది.

నాన్న ఓడల కార్ఖానాలో వెల్డరు.
"ఇనుము చావదే నెవెంకా,
కొంచెం కొంచెంగా అటు వెళ్లిపోతుంది"
అనేవాడు, గడ్డంతో సముద్రాన్ని చూపించి.
అతని అన్నం డబ్బా మూతకి కూడా తుప్పురుచే.
అప్పుడు నవ్వాను.
ఇప్పుడు అదే మాటకి
యంత్రం అంకె వేసి ఇస్తోంది:
వందకోట్ల పాళ్లలో ఇన్ని పాళ్లు.

ఒకటో రోజు. ఏడో రోజు. ఇరవై ఎనిమిదో రోజు.
మందు పడ్డ సీసాల్లో నికెలు ఎక్కువ.
పులుపు కూడా కలిసిన చోట ఇంకా ఎక్కువ.
ఎక్కువంటే ఎంతని?
"రాత్రి మనం తాగిన చిక్కుడుగింజల పులుసులో
ఇంతకంటే ఉంటుంది" అంటాడు డాక్టర్ వ్యెకొస్లావ్.
అబద్ధమేం కాదు.
నివేదికలో ఆ వాక్యం రాసింది నేనే.

కానీ పదమూడో ఏట
మేనత్త సంతలో కొనిచ్చిన కమ్మలు
మూడు రోజులకే నా చెవితమ్మెల్ని పుండు చేశాయి.
ఎంత నికెలు అని ఎవరూ కొలవలేదు.
రాత్రి దిండు మీద ఎటు తిరిగినా మంటే,
దానికి అంకె లేదు.

మా కింది వాటా తిహానాకి
బ్రేసులు వేసి నాలుగు నెలలు.
రోజుకి నాలుగుసార్లు పుక్కిలిస్తుంది,
బ్యాండులో ట్రాంబోన్ వాయించే కుర్రాడి
పక్క కుర్చీ దొరికినప్పటినుంచి.
ఇవాళ మెట్ల మీద ఆపి అడిగింది:
"మానెయ్యాలా, నెవెంకా పిన్నీ?
ఎక్కడో ఏదో విన్నాను."

"డాక్టరు చెప్పినన్నిసార్లే చెయ్యి, తక్కువ వద్దు, ఎక్కువా వద్దు" అన్నాను.
తర్వాత, ఎందుకో,
"చెవికమ్మలు నీకెప్పుడైనా దురద పెట్టాయా?"

వింతగా చూసింది నన్ను.
లేదని నవ్వింది,
నోటినిండా తీగ తళుక్కుమంది.
మెట్లు దిగుతూ దిగుతూ
ఒక్కసారి చెవి తడుముకుంది.